ఆ వెలుగు చుక్క రాయా, రేకు డబ్బానా? (వనపర్తి నుంచి రంగాపూర్ దాకా)

2020 సెప్టెంబర్ 17న హవాయిలోని పాన్‌స్టార్స్ టెలిస్కోపుకి ఒక చిన్న చుక్క చిక్కింది. అలాంటివి రోజూ చిక్కుతూనే ఉంటాయి. గ్రహశకలమే కాబోలనుకుని 2020 ఎస్ఓ అని పేరు పెట్టేశారు. కానీ దాని నడక చూసిన వాళ్లకి అనుమానం వచ్చింది. సూర్యుడి చుట్టూ దాని దారి ఇంచుమించు భూమి దారిలాగే ఉంది. పైగా సూర్యకాంతి తోపుకే అది పక్కకు జరుగుతోంది. రాయి అంత తేలిగ్గా కదలదు. కదిలిందంటే లోపల డొల్ల అన్నమాట. నాసాలో ఇలాంటి వస్తువుల కక్ష్యలు లెక్కగట్టే పాల్ చోడాస్ కాలాన్ని వెనక్కి నడిపి చూస్తే, ఆ దారి 1966 సెప్టెంబర్లో భూమి దగ్గర తేలింది. సరిగ్గా ఆ నెల 20నే సర్వేయర్-2 అనే చంద్ర నౌక బయల్దేరింది. దాన్ని మోసుకెళ్లిన సెంటార్ రాకెట్ దశ ఆ తర్వాత అంతరిక్షంలో ఎటో పోయింది. ఇది అదేనేమో?

లెక్క కుదిరినంత మాత్రాన సరిపోదు కదా, సాక్ష్యం కావాలి. వెళ్లి ముట్టుకుని చూడలేం. ఉన్నదల్లా దాని మీద పడి మన దగ్గరికి వచ్చే కాస్త వెలుతురు. అరిజోనా విశ్వవిద్యాలయంలో విష్ణు రెడ్డి అనే శాస్త్రజ్ఞుడున్నాడు. ఒకప్పుడు ఇండియాలో పత్రికా విలేకరి, తర్వాత ఆకాశం మీద మోజుతో అమెరికా వెళ్లి గ్రహశాస్త్రం చదివాడు. ఆయన బృందం పరారుణ టెలిస్కోపుతో ఆ వెలుతురుని విడగొట్టి, సెంటార్ దశలు చెయ్యడానికి వాడిన 301 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వర్ణపటంతో పోల్చింది. సరిపోలేదు!

మనలాంటి వాళ్లమైతే "టెస్ట్ ఫెయిల్" అని టికెట్ మూసేస్తాం. వాళ్లు మూయలేదు. ప్రయోగశాలలో తళతళలాడే స్టీలుకీ, 54 ఏళ్లు అంతరిక్షంలో ఎండకి ఎండిన స్టీలుకీ పోలికేమిటి? పోల్చాలంటే అంతే పాతబడ్డ ఇంకో సెంటార్ కావాలి. 1971లో ఒక సమాచార ఉపగ్రహాన్ని మోసుకెళ్లిన సెంటార్ దశ ఇంకా భూమి చుట్టూ తిరుగుతోంది. 2020 డిసెంబర్ 1న దాన్ని పట్టుకుని వర్ణపటం తీశారు. రెండూ సరిపోయాయి. గ్రహశకలం కాదు, రేకు డబ్బా!

ఈ కథకీ మా పాలమూరు, నల్లగొండ జిల్లాలకీ ఏం సంబంధం అంటారా? ఉంది. "ముట్టుకోలేని వస్తువుని వెలుతురు బట్టి గుర్తుపట్టడం" అనే విద్య పుట్టిన తొలిరోజుల్లోనే ఈ గడ్డ మీద దానికోసం డేరాలు వేశారు. వందేళ్ల తర్వాత అదే విద్య కోసం ఇక్కడ దేశంలోకెల్లా పెద్ద టెలిస్కోపు నిలబెట్టారు. ఆ తర్వాత దాన్ని మర్చిపోయారు. ఇప్పుడు ఆ విద్య అవసరం మళ్లీ వచ్చింది. ఇదంతా రాయడం అందుకే.

1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం గురించి మీరు వినే ఉంటారు. గుంటూరులో హీలియం కనిపెట్టారని మనవాళ్లు గొప్పగా చెప్పుకునేది ఆ గ్రహణం గురించే. జరిగింది కొంచెం వేరు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో చూసింది సూర్యుడి అంచున ఎగిసే మంటల వర్ణపటంలోని మెరిసే గీతలు. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేని రోజు కూడా వీటిని చూడొచ్చు కదా అని ఆయనకి తట్టింది. మర్నాడే చూసి నిరూపించాడు. అసలు ఘనత అది. పసుపుపచ్చ గీత సోడియం గీతతో సరిపోవడం లేదని గమనించిన వాళ్లలో మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ ఒకడు, ఆయన చూసింది మచిలీపట్నం నుంచి. ఆ గీత కొత్త మూలకానిదని, దానికి హీలియం అని పేరు వచ్చింది లాకియర్ వాళ్ల వల్ల. భూమి మీద హీలియం దొరికింది 1895లో, రామ్సే చేతిలో. అంటే ఒక పదార్థాన్ని చేత్తో పట్టుకోవడానికి పాతికేళ్ల ముందే దాని వెలుతురుతో గుర్తుపట్టారు. వర్ణపటం సత్తా ఏమిటో లోకానికి తెలిసింది అప్పుడే.

మద్రాసు వేధశాల ఆ రోజు రెండు బృందాలు పంపింది. ఒకటి మచిలీపట్నంలో. రెండోది ఎక్కడనుకున్నారు? వనపర్తిలో! అప్పట్లో నిజాం ఏలుబడిలోని సంస్థానం, నిన్నమొన్నటిదాకా మహబూబ్‌నగర్ జిల్లా. ఆ బృందం వెంట వెళ్లింది చింతామణి రఘునాథాచారి. పంచాంగకర్తల కుటుంబం నుంచి వచ్చి, మద్రాసు వేధశాలలో పనిచేస్తూ 1867లో ఆర్ రెటిక్యులి అనే చరతారని కనిపెట్టినాయన. 1872లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలో కూడా అయ్యాడు. పాపం, వనపర్తిలో మబ్బులు పని చెడగొట్టాయి. శ్రావణ భాద్రపదాల్లో గ్రహణం వస్తే ఇంకేం చేస్తాం? ఐదు నిమిషాల పైచిలుకు గ్రహణం మబ్బు పాలు. మబ్బు పట్టకపోయుంటే మన పాఠ్యపుస్తకాల్లో గుంటూరు పక్కన వనపర్తి పేరు కూడా ఉండేదేమో.

అన్నట్టు పాగ్సన్ గురించి ఒక మాట. నక్షత్రం ఎంత వెలుగుతోందో చెప్పే కొలబద్ద ఉంది కదా, ఐదు మెట్లు తేడా అంటే సరిగ్గా నూరు రెట్లు తేడా అని, ఆ కొలబద్దని 1856లో ప్రతిపాదించింది ఆయనే. 1861లో మద్రాసు వచ్చిన కొద్ది నెలల్లోనే ఒక గ్రహశకలం కనిపెట్టాడు. ఆసియా ఖండం నుంచి దొరికిన మొట్టమొదటి గ్రహశకలం అది, అందుకే దాని పేరు కూడా 'ఆసియా'. ఇవాళ్టికీ ప్రపంచంలో ఏ గ్రహశకలం వెలుగు గురించి మాట్లాడినా పాగ్సన్ మెట్లలోనే మాట్లాడాలి.

ఇక హైదరాబాద్ సంగతికొస్తే, 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు కొన్నాడు. సొంత డబ్బుతో, సొంత సరదాతో. ఫిసల్‌బండలో వేధశాల పెట్టి, అది నిజాం పేరుతో నడవాలని కోరుకున్నాడు. 1907లో ఆయన పోయాక ప్రభుత్వం దాన్ని తీసుకుని బేగంపేటకి మార్చింది. ఆ 15 అంగుళాల టెలిస్కోపుని బిగించి పనిలో పెట్టేసరికి 1922 అయింది. కొన్న ఇరవయ్యొక్క ఏళ్లకి! మన ప్రభుత్వ ప్రాజెక్టుల ఆలస్యం ఈనాటిది కాదన్నమాట :)

కానీ ఈలోగా నిజామియా వాళ్లు ఖాళీగా కూర్చోలేదు. ప్రపంచంలోని వేధశాలలన్నీ ఆకాశాన్ని పంచుకుని ఫోటో పలకల మీద నక్షత్రాల పట్టిక తయారు చేద్దామని 1887లో పారిస్‌లో ఒప్పందం చేసుకున్నాయి. చిలీ దేశంలోని శాంటియాగో తన వంతు పూర్తి చెయ్యలేకపోతే, ఖగోళ రేఖకి దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీని హైదరాబాద్ అందుకుంది. పోకాక్, ఆయన తర్వాత టి.పి. భాస్కరన్ హయాంలో 8 అంగుళాల కెమెరా టెలిస్కోపుతో రాత్రులు పలకలు తియ్యడం, పగళ్లు భూతద్దం పెట్టి ఒక్కో చుక్క కొలిచి రాయడం. అది పూర్తయ్యాక జర్మనీలోని పాట్స్‌డామ్ వదిలేసిన ఉత్తరపు పట్టీని కూడా నెత్తిన వేసుకున్నారు. 1946 నాటికి పన్నెండు సంపుటాలు, ఏడున్నర లక్షల పైచిలుకు నక్షత్రాలు. కంప్యూటర్ లేదు, ఎక్సెల్ లేదు. చుక్క చుక్కకీ గుమాస్తా కన్ను, గుమాస్తా చెయ్యి.

ఆ పట్టిక చెప్పేది ప్రధానంగా "ఎక్కడ ఉంది" అని. ఏదైనా కదిలే వస్తువు వస్తే, కదలని ఈ చుక్కల పక్కన పెట్టి చూస్తేనే దాని దారి తెలుస్తుంది. కానీ "ఎక్కడ" తెలిసినంత మాత్రాన "ఏమిటి" తెలియదు. 2020 ఎస్ఓ విషయంలో చూశాం కదా, కక్ష్య అనుమానం పుట్టించింది, వర్ణపటం తీర్చింది.

ఈ రెండో ప్రశ్న వైపు మళ్లిన హైదరాబాద్ కుర్రవాడు ఒకడున్నాడు, వేణు బాపు. తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి. కుర్రవాడు అక్కడే టెలిస్కోపుల మధ్య పెరిగి, నిజాం కాలేజీలో చదివి, హైదరాబాద్ సంస్థానం స్కాలర్‌షిప్ మీద హార్వర్డ్ వెళ్లి 1949లో ఒక తోకచుక్క కనిపెట్టాడు. నక్షత్రపు వర్ణపటంలో కాల్షియం గీత వెడల్పు చూసి ఆ నక్షత్రం అసలు వెలుగు ఎంతో చెప్పొచ్చని విల్సన్‌తో కలిసి 1957లో చూపించాడు. దాన్నే విల్సన్-బాపు ప్రభావం అంటారు. ఇంకో విశేషం, ఆయన నైనితాల్ వేధశాల నడుపుతున్న రోజుల్లోనే, స్పుత్నిక్ ఎగిరిన మర్నాటి ఏడు 1958లో, కృత్రిమ ఉపగ్రహాలని ఫోటో తీసే బేకర్-నన్ కెమెరా అక్కడికి వచ్చింది. ప్రపంచం మొత్తమ్మీద అలాంటివి పన్నెండు చోట్ల పెట్టారు. ఉపగ్రహం మీద పడిన ఎండని పట్టుకుని దాని దారి గీయడం దాని పని. మన దేశంలో ఉపగ్రహాలని వెలుతురుతో వెంటాడటం అలా మొదలైంది.

ఇటు హైదరాబాద్‌లో బేగంపేట వేధశాల చుట్టూ ఊరు పెరిగిపోయింది. విమానాశ్రయం పక్కనే. పొగ, దీపాలు. అందుకని ఉస్మానియా విశ్వవిద్యాలయం (1919 నుంచి వేధశాల వాళ్లదే) చీకటి చోటు వెతుక్కుంటూ నాగార్జునసాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం దాటాక జాపాల, రంగాపూర్ అనే రెండు ఊళ్ల దగ్గరకి వచ్చింది. రంగారెడ్డి జిల్లాలోకే వస్తుంది గానీ అటు నల్లగొండ, ఇటు మహబూబ్‌నగర్ సరిహద్దులకి దగ్గర. ఎర్ర చెల్కలు, బోడగుట్టలు, ఆముదపు చేన్లు. వాన తక్కువ. రైతుకి శాపమైనది ఖగోళ శాస్త్రజ్ఞుడికి వరం. 1968లో అక్కడ 48 అంగుళాల అద్దం ఉన్న టెలిస్కోపు నిలబడింది. అమెరికాలో ఫెకర్ కంపెనీ తయారీ. అప్పటికి దేశంలో అంతకంటే పెద్దది లేదు. కె.డి. అభ్యంకర్, ఎం.బి.కె. శర్మ లాంటి వాళ్లు, వాళ్ల విద్యార్థులు దాని మీద ఏళ్ల తరబడి పని చేశారు.

వాళ్లు ఎక్కువగా చేసిన పని ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి, తర్వాత అవసరం పడుతుంది. రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. దూరం నుంచి మనకి ఒక్క చుక్కే. కానీ ఒకటి రెండోదానికి అడ్డం వచ్చినప్పుడల్లా ఆ చుక్క వెలుగు కాస్త తగ్గుతుంది. టెలిస్కోపు చివర ఫోటోమీటర్ పెట్టి, వచ్చే కాంతిని విద్యుత్తుగా మార్చి, పక్కనున్న మారని నక్షత్రంతో పోలుస్తూ రాత్రంతా కొలుస్తారు. వెలుగు తగ్గిన సమయాలు రాసుకుంటూ పోతే, ఎంతసేపట్లో తిరుగుతున్నాయి, ఒక్కోటి ఎంత లావు, తిరిగే కాలం ఏళ్ల మీద మారుతోందా అన్నీ బయటపడతాయి. ఒక్క చుక్కలోంచి ఇన్ని సంగతులు! సర్వర్ లోపలికి వెళ్లే వీలు లేనప్పుడు రెస్పాన్స్ టైములు మాత్రం చూసి లోపల ఏం జరుగుతోందో చెప్పే వాళ్లుంటారు చూడండి, అచ్చం అలాగ.

1980 ఫిబ్రవరి 16న మళ్లీ సంపూర్ణ సూర్యగ్రహణం. ఈసారి నీడ సరిగ్గా మన మీదుగానే. రంగాపూర్ ఆ దారిలోనే ఉంది. అమెరికా నుంచి జే పసకాఫ్ బృందం సూర్యుడి కరోనాలో వెలుగు ఎలా వణుకుతుందో కొలవడానికి రంగాపూర్ వచ్చింది. అమెరికా వాళ్లదే ఇంకో బృందం, హై ఆల్టిట్యూడ్ అబ్జర్వేటరీ వాళ్లు, మహబూబ్‌నగర్ జిల్లాలోని పాలెంలో దిగి కరోనా ఫోటో తీశారు. సౌర భౌతికశాస్త్రం చదివే వాళ్లకి ఆ ఫోటో ఇప్పటికీ తెలుసు, కింద 'పాలెం, ఇండియా' అని ఉంటుంది. పాలెం నుంచి వనపర్తి ఎంతో దూరం లేదు. 1868లో మబ్బులు ఎగ్గొట్టిన బాకీ 112 ఏళ్లకి, ఎండాకాలం ముందు నిర్మలమైన ఆకాశంలో తీరిందన్నమాట.

ఇక మనవాళ్లేం చేశారంటారా? తలుపులేసుకుని కూర్చున్నారు. రోడ్లు కర్ఫ్యూ పెట్టినట్టు ఖాళీ. సముద్రాలు దాటి వాళ్లు వచ్చింది దేనికోసమో, దానికి భయపడి మనం దుప్పటి కప్పుకున్నాం. దర్భపోచలు ఉట్టి మీద పెట్టిన పెద్దవాళ్లని నేను తప్పు పట్టను, వాళ్లకి చెప్పిన వాళ్లెవరు? శాస్త్రం ఊరి పొలిమేరకి వచ్చి కూడా ఊళ్లోకి రాకుండా వెళ్లిపోయింది. నా బాధల్లా అది.

సరిగ్గా ఈ రోజుల్లోనే, 1979లో, అదే మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌లో ఇంకో కన్ను తెరుచుకుంది. నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ వాళ్ల ఉపగ్రహ గ్రాహక కేంద్రం. (2008లో ఆ సంస్థ ఇస్రోలో కలిసిపోయింది. 2016 జిల్లాల విభజనలో షాద్‌నగర్ రంగారెడ్డి జిల్లాలోకి వెళ్లింది.) మొదట్లో అమెరికా లాండ్‌శాట్ ఉపగ్రహం పంపే చిత్రాలు, 1988లో మన ఐఆర్‌ఎస్-1ఎ ఎగిరాక మన చిత్రాలు.

చాలామందికి తట్టని విషయం ఒకటుంది. షాద్‌నగర్ చేసేదీ, గ్రహశకలాల వాళ్లు చేసేదీ ఒకటే పని. ఒకరు పై నుంచి కిందకి చూస్తారు, ఇంకొకరు కింద నుంచి పైకి. అంతే. సూర్యుడి వెలుతురు ఒక వస్తువు మీద పడుతుంది. వస్తువు అందులో కొన్ని రంగులు మింగి మిగతావి వెనక్కి పంపుతుంది. ఏది మింగిందో చూస్తే వస్తువేమిటో తెలుస్తుంది. పచ్చటి ఆకు ఎరుపుని మింగి, కంటికి కనపడని పరారుణాన్ని బాగా వెనక్కి కొడుతుంది. చేను ఎండితే ఆ తేడా తగ్గిపోతుంది. చెల్క నేలలోని ఇనుము నీలాన్ని మింగుతుంది, అందుకే ఆ ఎరుపు. అలాగే గ్రహశకలాల్లో ఆలివిన్, పైరాక్సీన్ అనే ఖనిజాలుంటే 1 మైక్రాన్ దగ్గర, పైరాక్సీన్‌కైతే 2 మైక్రాన్ల దగ్గర కూడా వర్ణపటంలో గుంట పడుతుంది. 1970లో మెకార్డ్, ఆడమ్స్, జాన్సన్ అనే ముగ్గురు వెస్టా గ్రహశకలం వర్ణపటంలో ఆ గుంట చూసి, భూమి మీద పడిన ఒక రకం బసాల్టు ఉల్కలతో సరిపోల్చారు. అది మొదలు.

మన దగ్గరా ఉల్కలు పడ్డాయి. 1870లో విజయనగరం ప్రాంతంలోని నెదగొల్లలో ఇనుప ఉల్క పడింది. ఇలా పడినవాటిని ప్రయోగశాలలో పరీక్షించి, వాటి వర్ణపటాలని పైనున్న వాటితో పోల్చి చుట్టరికం కలుపుతారు. ఈ చుట్టరికాలు వట్టి ఊహలు కావని జపాన్ హయబుసా రుజువు చేసింది. ఇటోకవా గ్రహశకలం ఫలానా రకం ఉల్కల జాతి అయ్యుండాలని భూమి మీంచి వర్ణపటం చూసి 2001లోనే చెప్పారు. 2010లో హయబుసా అక్కడి ధూళి రేణువులు తెచ్చింది, చూస్తే అదే జాతి.

ఈ విద్య కూడా కొన్నిసార్లు బోల్తా పడుతుంది. 2013లో రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద సుమారు 20 మీటర్ల రాయి పేలి దాదాపు 1500 మంది గాయపడ్డారు కదా. ఆ ఉల్క ముక్కల్లో కొన్ని లేత రంగు, కొన్ని నల్లటివి. ఒకే రాయి! ఎప్పుడో అంతరిక్షంలో తగిలిన దెబ్బకి కొంత భాగం నల్లబడింది. ఆ నల్ల భాగంలో వర్ణపటపు గుంటలు దాదాపు చెరిగిపోయి, మసిలాంటి కార్బన్ రకం గ్రహశకలంలా కనిపిస్తుందని విష్ణు రెడ్డి బృందమే 2014లో చూపించింది. దీని వల్ల నష్టమేమిటంటే, వెలుగు బట్టి సైజు లెక్కగట్టేటప్పుడు రాయి ఎంత నల్లనో తెలియాలి. వెన్నెల్లో సున్నం వేసిన గుడిసె, దాని వెనక నల్ల గుట్ట ఉన్నాయనుకోండి. రెండింటి నుంచీ వచ్చే వెలుతురు ఒకటే అయినా సైజుల్లో ఎంత తేడా! భూమి మీదకి వచ్చేది గుడిసా గుట్టా అన్నది చిన్న విషయం కాదు.

ఇప్పుడు ఆ జంట నక్షత్రాల ముచ్చటకి వద్దాం. 2022 సెప్టెంబర్ 26న నాసా డార్ట్ అనే నౌకని డైమార్ఫస్ అనే చిన్న గ్రహశకలానికి కావాలని గుద్దించింది. అది సుమారు 160 మీటర్లది, డిడిమోస్ అనే పెద్దదాని చుట్టూ ఉపగ్రహంలా తిరుగుతుంది. గుద్దితే దాని దారి మారుతుందా అని పరీక్ష. మారిందని ఎలా తెలుసుకున్నారు? కోటి కిలోమీటర్ల దూరంలో రెండూ కలిపి ఒక్క చుక్కే. చిన్నది పెద్దదాని ముందుకీ వెనక్కీ వెళ్లినప్పుడల్లా ఆ చుక్క వెలుగు కాస్త తగ్గుతుంది. భూమి మీది టెలిస్కోపులు ఆ తగ్గే సమయాలు కొలిచాయి. 11 గంటల 55 నిమిషాల్లో తిరిగేది 11 గంటల 23 నిమిషాలకి వచ్చింది. మానవజాతి ఒక ఖగోళ వస్తువు దారిని మొదటిసారి మార్చిందనడానికి రాడార్‌తో పాటు ఇదే రుజువు. పద్ధతి గుర్తుపట్టారా? ఆముదపు చేన్ల మధ్య రంగాపూర్‌లో మనవాళ్లు ఏళ్ల తరబడి జంట నక్షత్రాల మీద చేసిన పనే ఇది. అక్షరాలా అదే.

ఆకాశంలో మనం వేసిన చెత్త సంగతి కూడా అంతే. 2022 మార్చి 4న ఒక పాత రాకెట్ ముక్క చంద్రుడి అవతలి వైపు గుద్దుకుంది. అది స్పేస్ఎక్స్ వాళ్లదని మొదట ప్రకటించారు, ప్రపంచమంతా ఆడిపోసుకుంది. తర్వాత కక్ష్య లెక్కలు సరిచూస్తే అది 2014లో చైనా పంపిన చాంగ్ఎ-5 టి1 రాకెట్‌దని తేలింది. చైనా కాదంది. అరిజోనా విద్యార్థులు దాని వర్ణపటం తీసి, ఆ రకం చైనా రాకెట్లతో సరిపోయిందని చూపించారు. ఎవరి చెత్తో తేల్చడానికి వెలుతురే సాక్షి. పైన ఇప్పుడు పనిచేసే ఉపగ్రహాలే పదివేలు దాటాయి, చచ్చినవి, ముక్కలైనవి వేరే. రేపు ఒకటి ఇంకోదాన్ని గుద్దితే ఎవరిది ఎవరిని గుద్దిందో చెప్పేవాళ్లు ప్రతి దేశానికీ కావాలి.

మరి రంగాపూర్? హేలీ తోకచుక్క వచ్చిన 1985-86 దాకా బాగానే పని జరిగింది. తర్వాత కావలూరు లాంటి చోట్ల పెద్ద టెలిస్కోపులు వచ్చాయి, ఇక్కడ యంత్రాలు పాతబడ్డాయి, మనుషులు రిటైరయ్యారు. హైదరాబాద్ అటే పాక్కుంటూ వచ్చింది. ఔటర్ రింగు రోడ్డు దీపాలు, ఆదిబట్ల, మా సాఫ్ట్‌వేర్ వాళ్ల క్యాంపస్‌లు. బేగంపేట నుంచి తరిమిన వెలుతురే ఇక్కడికీ వెంటపడి వచ్చింది. రాత్రి రాత్రికీ పరిశీలనలు జరిగే చోటుగా రంగాపూర్ మిగల్లేదు.

షాద్‌నగర్ బతికింది, రంగాపూర్ మూలపడింది. ఎందుకు? కిందకి చూసే కన్ను పంట ఎంతో, కరువెక్కడో, బోరు వేస్తే నీళ్లెక్కడ పడతాయో చెప్తుంది. ఫ్లోరైడు నీళ్లు తాగే నల్లగొండకి అది అవసరం, ఎవరూ కాదనరు. పైకి చూసే కన్ను ఏం పెడుతుంది అన్నారు. అప్పట్లో ఆ ప్రశ్నకి జవాబు కష్టమే, ఇప్పుడు కాదు. ఇస్రోయే 2019లో నేత్ర ప్రాజెక్టు ప్రకటించి అంతరిక్ష వస్తువుల మీద నిఘా కోసం రాడార్లు, టెలిస్కోపులు పెడతానంటోంది. లడఖ్‌లోని హాన్లేలో 70 సెంటీమీటర్ల టెలిస్కోపు 2018 నుంచి గ్రహశకలాల వెంటపడుతోంది. రంగాపూర్ అద్దం 120 సెంటీమీటర్లు!

రంగాపూర్ హాన్లే అయిపోతుందని నేననడం లేదు. ఆ ఎత్తు, ఆ చీకటి, ఆ పొడిగాలి ఇక్కడ రావు. దూరపు గెలాక్సీలు చూడటానికి ఇక అది పనికిరాకపోవచ్చు. కానీ ఉపగ్రహాలు, దగ్గరగా పోయే గ్రహశకలాలు గెలాక్సీల్లా మసక వస్తువులు కావు. వాటిలో చాలా వాటి వెలుగు కొలవడానికి, కాస్త ప్రకాశమైన వాటికి వర్ణపటం తియ్యడానికి ఈ ఆకాశం, ఆ అద్దం చాలు. కొత్త కెమెరా, దాన్ని తిప్పే మోటార్లు, కొద్దిగా సాఫ్ట్‌వేర్ కావాలి. ఆ చివరిదానికి మన ఊళ్లో కొదవా? నల్లగొండ నుంచీ పాలమూరు నుంచీ వచ్చి గచ్చిబౌలిలో కూర్చున్న కుర్రాళ్లు వేలమంది ఉన్నారు. నిలబడ్డ గుమ్మటం, చదువు చెప్పే విశ్వవిద్యాలయం, పక్కనే షాద్‌నగర్‌లో ఇదే వర్ణపటాల విద్య తెలిసిన వాళ్లు. వీళ్లని కలపడానికి కావాల్సింది కోట్లు కాదు, ఒక నిర్ణయం. దాంతోపాటు చుట్టూ ఉన్న దీపాలకి కిందకి వెలుగు పడేలా మూతలు పెట్టమనే ఒక నిబంధన.

గడువు కూడా ఉంది. 2029 ఏప్రిల్ 13న అపోఫిస్ అనే గ్రహశకలం భూమికి 32 వేల కిలోమీటర్ల దూరంలోంచి పోతుంది. మన టీవీ ఉపగ్రహాల కంటే దగ్గరగా! గుద్దదు, కంగారు పడకండి. యూరప్, ఆఫ్రికా, పశ్చిమాసియా వాళ్లకి ఉత్త కంటికే కనబడుతుందట. అతి దగ్గరగా వచ్చే సమయం మన గడియారం ప్రకారం ఏప్రిల్ 14 తెల్లవారుజామున మూడుంపావు. దాని ముందూ వెనకా రాత్రుల్లో ప్రపంచంలోని టెలిస్కోపులన్నీ దాని వెలుగు, వర్ణపటం కొలుస్తుంటాయి. భూమి ఆకర్షణకి దాని పైపొర కదిలి కొత్త రాయి బయటపడుతుందేమో, రంగు మారుతుందేమో చూడటానికి.

1868లో మబ్బులు అడ్డం పడ్డాయి. 1980లో మన భయం అడ్డం పడింది. 2029లో అడ్డం పడటానికి మన బద్ధకం తప్ప ఇంకేం మిగల్లేదు. ఉస్మానియాలో చదివినవాళ్లు, ప్రభుత్వంలో మాట చెల్లేవాళ్లు ఎవరైనా చదువుతుంటే, ఈ విషయం ఒకసారి ఎక్కడ చెప్పాలో అక్కడ చెప్పండి.